రెండున్నర కోట్ల టన్నుల ఆదేశం, అరకడుపు గని కార్మికులు: 1945లో యూరప్ బొగ్గు పంపకం కథ

1945 జులై ఆఖరు వారంలో, పోట్స్‌డామ్‌లో విజేతల సమావేశం ఇంకా నడుస్తుండగానే, అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ జర్మనీలో ఉన్న తన సేనాధిపతి ఐసెన్‌హోవర్‌కు ఒక ఆదేశం పంపారు. పశ్చిమ జర్మనీ గనుల నుంచి ఆ ఏడాది ఆఖరుకల్లా కోటి టన్నుల బొగ్గు, 1946 ఏప్రిల్ ముగిసేలోగా మరో కోటిన్నర టన్నులు ఎగుమతి కావాలి. దీనివల్ల జర్మనీలో పరిశ్రమలు తెరుచుకోవడం ఆలస్యం కావచ్చు, నిరుద్యోగం పెరగవచ్చు, జనంలో అలజడి రేగవచ్చు. అయినా వెనక్కి తగ్గొద్దని ఆదేశంలోనే రాశారు. బ్రిటన్, ఫ్రాన్స్‌లను కూడా తమ కమాండర్లకు ఇదే మాట చెప్పమని కోరారు.

ఆ కోరడంలోనే తిరకాసుంది. జర్మనీ రాతిబొగ్గుకు గుండెకాయ రూర్ లోయ. విజేతలు జర్మనీని పంచుకున్న ఆక్రమణ మండలాల్లో అది బ్రిటన్ మండలంలో పడింది. సార్ గనులు ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉన్నాయి. అమెరికన్ మండలంలో చెప్పుకోదగ్గ రాతిబొగ్గే లేదు. అంటే జర్మనీలో తన చేతిలో బొగ్గు గని లేని దేశం ఆదేశం ఇస్తే, గనులు చేతిలో ఉన్న దేశం దాన్ని అమలు చేయాలి. తిండిగింజలు, ఓడలు, డాలర్లు మాత్రం ఆదేశం ఇచ్చిన దేశం దగ్గరే ఉన్నాయి.

తర్వాత రెండున్నరేళ్ల బొగ్గు దౌత్యమంతా ఈ లెక్క చుట్టూనే తిరిగింది. హుకుం జారీ చేసిన చోట బొగ్గు అనుకున్నంత కదల్లేదు. హుకుం చేసే అధికారమే లేని ఒక చిన్న కమిటీ లండన్‌లో కూర్చుని, ఉన్న కాస్తంత బొగ్గును గొడవలు ముదరకుండా పంచగలిగింది. అలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ముందు గనిలోకి దిగాలి.

యుద్ధానికి ముందు యూరప్ బొగ్గు వ్యాపారం రెండు స్తంభాల మీద నిలిచింది. ఒకటి బ్రిటన్, రెండోది జర్మనీ. బ్రిటన్ 1938లో సుమారు 22.7 కోట్ల టన్నులు తవ్వి, అందులో మూడున్నర కోట్ల టన్నులకు పైగా ఓడల్లో బయటకు పంపింది. 1945 నాటికి, పైమట్టి తొలగించి తవ్విన నాసిరకం బొగ్గును కలుపుకున్నా దాని ఉత్పత్తి 18.3 కోట్లకు పడిపోయింది. గనుల్లో మనుషులు చాలక 1943 డిసెంబరు నుంచి సైన్యానికి పిలిచిన యువకుల్లో పదిమందిలో ఒకరిని లాటరీ తీసి గనులకు పంపారు. తన ఇళ్లకే బొగ్గు చాలని దేశం ఇక ఎగుమతి ఏం చేస్తుంది? కొనేవాళ్లలో పెద్దది ఫ్రాన్స్. అది ఏటా నాలుగున్నర కోట్ల టన్నులకు పైగా సొంతంగా తవ్వుకుని, ఇంకో రెండు కోట్ల టన్నులకు పైగా బయట కొనేది. ఇటలీకి దాదాపు అంతా దిగుమతే. డెన్మార్క్, నార్వేలకు రాతిబొగ్గు గనులు లేవనే చెప్పాలి, స్వాల్‌బార్డ్ దీవుల్లో నార్వేకున్న కొద్దిపాటి గనులను మినహాయిస్తే.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కూడా ఇదే తంతు నడిచిందని దౌత్యవేత్తలకు బాగా గుర్తుంది. 1920 జులైలో స్పా ఒప్పందం ప్రకారం జర్మనీ నెలకు 20 లక్షల టన్నులు ఇవ్వాలి. దానికి బదులు విజేతలు టన్నుకు 5 బంగారు మార్కులు అదనంగా చెల్లించాలి, ఆ సొమ్ముతో జర్మన్ గని కార్మికులకు తిండి కొనాలి. కార్మికుడి కంచానికీ ఎగుమతి లెక్కకూ ముడి ఉందని అప్పుడే కాగితం మీద ఒప్పుకున్నారన్నమాట. తర్వాత బొగ్గు, కలప బాకీ పడిందని 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సేనలు రూర్‌లో దిగాయి. సైనికులు గనుల చుట్టూ కాపలా కాశారు గానీ తవ్వేవాళ్లు పని మానేశారు. అందుకే 1944లో, యుద్ధం నడుస్తుండగానే, ఈసారి ఎవరి మానాన వాళ్లు జర్మనీ మీద పడకుండా ముందే ఒక ఉమ్మడి ఏర్పాటు చేసుకోవాలన్న చర్చ లండన్, వాషింగ్టన్‌ల మధ్య మొదలైంది.

లండన్‌లో ఆ చర్చలు నత్తనడక నడిచాయి. సోవియట్ యూనియన్ చేరుతుందా లేదా అన్నది ఒక ముడి. పోలండ్ తరఫున ఏ ప్రభుత్వాన్ని గుర్తించాలన్నది ఇంకో ముడి. జర్మనీ, పోలండ్ సరిహద్దులోని ఎగువ సైలీసియా గనులు ఎవరి చేతికి వస్తాయో తేలకుండా యూరప్ బొగ్గు లెక్క ఎవరు వేసినా అది సగం లెక్కే. ఈలోగా 1944-45 చలికాలం వచ్చిపడింది. విముక్తమైన పారిస్ చలికి వణికింది. రేవులు, రైళ్లు సైన్యం చేతిలో ఉన్నాయి. ఆంట్వెర్ప్ రేవుకు తొలి ఓడల బారు చేరిందే 1944 నవంబరు 28న. ఫిరంగి గుండ్లకు పోను మిగిలిన చోటే బొగ్గుకు దక్కింది. చివరికి 1945 మేలో సోవియట్ యూనియన్ లేకుండానే తాత్కాలికంగా యూరోపియన్ కోల్ ఆర్గనైజేషన్ (ఇకపై ఈసీఓ) పని మొదలుపెట్టింది. లాంఛనంగా ఒప్పందం మీద సంతకాలు పడింది 1946 జనవరి 4న. వ్యాగన్లు, పడవల కోసం ఇంకో సంస్థ, మిగతా ఆర్థిక అత్యవసరాల కోసం మరో కమిటీ, ఇవి కూడా లండన్‌లోనే పుట్టాయి.

అదే సమయంలో అమెరికా నుంచి పాటర్, బ్రిటన్ నుంచి లార్డ్ హిండ్లీ నాయకత్వంలో ఒక బృందం వాయవ్య యూరప్ బొగ్గు క్షేత్రాలు తిరిగింది. రాబోయే చలికాలంలో బొగ్గు కరువు వస్తే శాంతిభద్రతలు మిగలవని జూన్‌లో నివేదిక ఇచ్చింది. ట్రూమన్ ఆదేశంలోని రెండున్నర కోట్లు అక్కడి నుంచి వచ్చినవే. అవసరం ఎంతో వాళ్లు సరిగ్గానే అంచనా కట్టారు. ఎంత దొరుకుతుందన్న దగ్గరే లెక్క తప్పింది.

గనిలో ఏం ఆగింది

రూర్ యుద్ధానికి ముందు రోజుకు సుమారు 4 లక్షల టన్నులు తీసేది. 1945 వసంతంలో అందులో పదో వంతు కూడా రాలేదు. బాంబులు గనులను నాశనం చేశాయని చాలామంది అనుకుంటారు. నిజానికి భూగర్భంలో జరిగిన నష్టం తక్కువ. దెబ్బ తగిలింది వేరే చోట్ల.

మొదటిది మనుషులు. యుద్ధం చివరి ఏళ్లలో రూర్ గనుల్లో పనిచేసిన వాళ్లలో చాలా పెద్ద భాగం బలవంతంగా తెచ్చిన విదేశీ కార్మికులు, యుద్ధఖైదీలు. విముక్తి రాగానే వాళ్లు వెళ్లిపోయారు, వెళ్లక ఏం చేస్తారు? మిగిలిన జర్మన్ కార్మికుల్లో వయసు మళ్లినవాళ్లే ఎక్కువ. కొత్తవాళ్లను వేరే ప్రాంతాల నుంచి రప్పిద్దామంటే రూర్ పట్టణాల్లో ఉండటానికి ఇళ్లు లేవు. వచ్చినవాళ్లు కొద్దిరోజులకే తిరుగుముఖం పట్టారు. ఉండిపోయినవాళ్లు కూడా మొదటి రోజే బొగ్గు ముఖం, అంటే బొగ్గు తవ్వే గోడ, దగ్గర నిలబడలేరు. కప్పు పలికే శబ్దం విని పక్కకు తప్పుకోవడం నేర్చుకోవడానికే నెలలు పడుతుంది.

రెండోది దుంగలు. బొగ్గు తీసేకొద్దీ పైకప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెడుతూ పోవాలి. ముఖం ముందుకు జరిగినప్పుడల్లా కొత్త దుంగలు కావాలి. అవి అడవిలో కొట్టాలి, రైలుకెక్కించాలి, ఆ రైలు నడవడానికి బొగ్గు కావాలి. దుంగ రాకపోతే ఆ ముఖం మూతపడుతుంది. స్వీడన్, నార్వే, ఫిన్లండ్‌ల దగ్గర కలప ఉంది, బొగ్గు లేదు. బొగ్గు గనులున్న దేశాలది దీనికి తలకిందులు. ఈ మార్పిడి సరిగ్గా నడిపించడం కూడా లండన్ కమిటీల పనుల్లో ఒకటైంది.

మూడోది రవాణా, దీన్ని కాస్త లెక్కతో చూద్దాం. జులై ఆఖరు వారం నుంచి డిసెంబరు 31 వరకు సుమారు 160 రోజులు. కోటి టన్నులు పంపాలంటే రోజుకు 62 వేల టన్నులు. అప్పటి వ్యాగన్‌కు 20 టన్నుల చొప్పున 3,100 వ్యాగన్లు. ఒక వ్యాగన్ ఫ్రాన్స్‌కో బెల్జియానికో వెళ్లి ఖాళీగా తిరిగి రావడానికి పది రోజులు పడుతుందనుకుంటే, ఒక్క ఎగుమతి కోసమే 31 వేల వ్యాగన్లు ఎప్పుడూ తిరుగుతూ ఉండాలి. అది కూడా అవి తిరిగొస్తే. బయటి దేశంలోకి వెళ్లిన వ్యాగన్‌ను అక్కడి రైల్వే తన సొంత కొరత తీర్చుకోవడానికి అట్టేపెట్టుకునేది. పోనీ నీటిదారి ఉందిగా అంటే, కూలిన వంతెనల ఇనుము రైన్ నదిలో అడ్డంగా పడి ఉంది. డోర్ట్‌మండ్-ఎమ్స్ కాలువ బాంబు దాడులకు పదేపదే తెగిపోయింది. గని బయట బొగ్గు గుట్టలు పెరుగుతుంటే పట్టణాల్లో పొయ్యి వెలగని స్థితి. బొగ్గు మోసే గూడ్స్ రైళ్లు దొరక్క థర్మల్ కేంద్రాలు చేతులెత్తేసిన వార్తలు చదివిన మనకు ఇది కొత్తేమీ కాదు.

నాలుగోది బయటివాళ్లకు తట్టనిది: గని తన బొగ్గును తానే తింటుంది. తవ్వినా తవ్వకపోయినా నీళ్లు ఊరుతూనే ఉంటాయి, తోడాలి. మీథేన్ చేరకుండా గాలి పంపాలి. పైకీ కిందకీ మనుషులను దింపే వైండింగ్ ఇంజన్లు నడవాలి. వీటన్నిటికీ ఆవిరి ఆ గని బొగ్గుతోనే. ఉత్పత్తి నిండుగా ఉంటే ఈ ఖర్చు చిన్న భాగం. ఉత్పత్తి పదో వంతుకు పడితే పంపులకు, ఫ్యాన్లకు పోను మిగిలేది స్వల్పం. పైగా కార్మికుడి ఇంటికి ఇచ్చే వాటా బొగ్గు, రైల్వే, కరెంటు, గ్యాసు, బేకరీలు. ఇవన్నీ తీసేశాకే ఎగుమతి. మొత్తం ఉత్పత్తిని చూసి ఎగుమతి లక్ష్యం పెట్టినవాళ్లు ఈ మెట్టు దగ్గర జారిపడ్డారు.

అన్నిటినీ మించింది తిండి. 1946 మార్చిలో బ్రిటిష్ మండలంలో మామూలు పౌరుడి రేషన్‌ను రోజుకు సుమారు 1,500 కేలరీల నుంచి వెయ్యికి కోశారు. గని కార్మికులకు అదనపు రేషన్ ఉంది. కానీ దాన్ని భార్యాపిల్లలకు పెట్టకుండా తానొక్కడే తినే మనిషి ఎక్కడుంటాడు? ఉత్పత్తి వెంటనే పడిపోయింది. మార్కుకు విలువ పోయింది. ఒక షిఫ్టు కూలీకి నల్లబజారులో వచ్చే అమెరికన్ సిగరెట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ కూలీ కోసం గనిలో దిగడం కన్నా, ఇంట్లో సామాను మూటగట్టి పల్లెకెళ్లి బంగాళాదుంపలకు మార్చుకోవడమే లాభం. గైర్హాజరీని అధికారులు క్రమశిక్షణ సమస్యగా చూసినంత కాలం మార్పు రాలేదు. 1947 జనవరిలో పాయింట్ల పద్ధతి వచ్చింది. షిఫ్టులు మానకుండా వచ్చినవాళ్లకు పాయింట్లు, వాటితో కొవ్వు మాంసం, కాఫీ, సిగరెట్లు, సారాయి. అప్పుడు గాని హాజరు లేవలేదు. స్పాలో పాతికేళ్ల కిందట రాసుకున్న ఐదు మార్కుల షరతు సారాంశం కూడా ఇదే.

భద్రత సంగతి చెప్పనక్కర్లేదు. 1946 ఫిబ్రవరి 20న బెర్క్‌కామెన్‌లోని గ్రిమ్‌బెర్గ్ గనిలో పేలుడు జరిగి 405 మంది చనిపోయారు. జర్మనీ గనుల చరిత్రలో అంత పెద్ద ప్రమాదం లేదు.

రూర్ మొత్తం ఉత్పత్తి 1938లో సుమారు 12.7 కోట్ల టన్నులు, 1945లో 3.3 కోట్లు, 1946లో 5 కోట్లు. 1945 అంకెలో యుద్ధం ముగియక ముందు నెలలవి కూడా కలిసి ఉన్నాయి. ఎగుమతులు ట్రూమన్ లక్ష్యానికి చాలా దూరంలోనే ఆగిపోయాయి.

లండన్‌లో పంపకం

ఈసీఓకు గని లేదు, ఓడ లేదు, నిధి లేదు. సభ్యదేశాలకు సిఫార్సు చేయడమే దాని పని. ఎగుమతి చేయగల దేశాలు రాబోయే కాలానికి ఎంత ఇవ్వగలవో చెప్తాయి, దిగుమతి దేశాలు ఎంత కావాలో చెప్తాయి. రెండో అంకె ఎప్పుడూ మొదటిదాని కంటే చాలా పెద్దది. కేటాయింపు కమిటీ యుద్ధానికి ముందు వాడకాన్ని, సొంత ఉత్పత్తిని, రైల్వే, గ్యాసు, విద్యుత్తు వంటి అత్యవసరాలను బేరీజు వేసి ఎవరికి ఎంతో సూచిస్తుంది. తర్వాత కొనడం, డబ్బు కట్టడం, ఓడ మాట్లాడుకోవడం ఆయా దేశాల సొంత బాధ్యత.

బొగ్గంతా ఒకే రకం కాకపోవడం ఇక్కడ అసలు చిక్కు. గ్యాసు తయారీకి పనికొచ్చేది ఇంజన్‌కు పనికిరాదు. ఇంటి పొయ్యికి గడ్డలు కావాలి, పవర్ స్టేషన్‌కు పొడి చాలు. ఉక్కుకు కోక్ కావాలి, అంటే గాలి తగలకుండా కాల్చిన బొగ్గు. టన్ను కోక్‌కు సుమారు 1.3 నుంచి 1.4 టన్నుల కోకింగ్ బొగ్గు పడుతుంది, టన్ను దుక్క ఇనుముకు దాదాపు టన్ను కోక్. ఫ్రాన్స్‌లోని లోరేన్ ఇనుప ఖనిజం రూర్ కోక్ లేకుండా మట్టితో సమానం. కాబట్టి ఫ్రాన్స్‌కు ఇన్ని లక్షల టన్నులని రాసి చేతులు దులుపుకుంటే, ఆ టన్నులు నాసిరకం గోధుమరంగు బొగ్గును అచ్చుపోసిన ఇటుకల (బ్రౌన్ కోల్ బ్రికెట్ల) రూపంలో వస్తే, ఉక్కు కొలిమి వెలగదు. ఫ్రాన్స్ పునర్నిర్మాణానికి మోనే ప్రణాళిక రాసినవాళ్లు లెక్క కట్టింది కోక్‌ను దృష్టిలో పెట్టుకునే.

చెప్తే వినాలన్న నిబంధన లేని సంస్థ మాట ఎందుకు విన్నారు? నా అంచనాలో కారణాలు రెండు. అందరి అంకెలూ బల్ల మీద ఉన్నాయి, పక్కవాడికి ఎంత వెళ్తోందో ప్రతివాడికీ తెలుసు. అలాగే అమెరికా బొగ్గు, జర్మనీ బొగ్గు రెండూ ఈ బల్ల గుండానే పంచుకోవాలని వాషింగ్టన్, లండన్ అనుకున్నాయి. అలిగి బయటకు వెళ్లినవాడికి దొరికేది సున్నా.

తప్పించుకునే దారులు లేకపోలేదు. స్వీడన్ నేరుగా పోలండ్‌తో ఒప్పందం చేసుకుంది. బెల్జియం 1946 జూన్‌లో ఇటలీతో చేసుకున్నది మరీ విచిత్రమైన బేరం: ఇటలీ వారానికి 2,000 చొప్పున 50,000 మంది కార్మికులను బెల్జియం గనులకు పంపాలి, ఒక్కో కార్మికుడికి రోజుకు 200 కిలోల లెక్కన బెల్జియం ఇటలీకి బొగ్గు అమ్మాలి. పదేళ్ల తర్వాత, 1956 ఆగస్టు 8న, మార్సినెల్ గని మంటల్లో చనిపోయిన 262 మందిలో 136 మంది ఇటాలియన్లు.

పోలండ్ 1946లో ఈసీఓలో చేరింది. సైలీసియా బొగ్గు పశ్చిమానికి వస్తుందని ఆశలు పెరిగాయి. కానీ 1945 ఆగస్టు 16నే పోలండ్ సోవియట్ యూనియన్‌కు మాట ఇచ్చేసింది: 1946లో 80 లక్షల టన్నులు, 1947 నుంచి 1950 వరకు ఏటా 1.3 కోట్ల టన్నులు, అదీ మార్కెట్ ధరతో పోలిస్తే నామమాత్రపు రేటుకు. 1947లో ఆ పరిమాణాన్ని సగానికి తగ్గించారు. సోవియట్ వాటా పోను మిగిలినదే ఈసీఓ బల్ల మీదికి వచ్చింది.

లోటును పూడ్చింది అమెరికా. 1947లో అట్లాంటిక్ దాటిన బొగ్గు 3 కోట్ల టన్నులు మించింది. యుద్ధకాలంలో అమెరికా కట్టిన లిబర్టీ సరుకు ఓడ ఒక్కోదాంట్లో 9,000 టన్నులు పడతాయనుకుంటే, అది 3,300 ప్రయాణాలకు పైమాట. బొగ్గు ధర ఒక ఎత్తు, ఓడ కిరాయి ఇంకో ఎత్తు, రెండూ డాలర్లలోనే. గనులు, రైళ్లు బాగుచేసుకోవడానికి దాచిన డాలర్లు పొయ్యిలోకి పోయాయి. యూరప్‌కు అమెరికా ఇచ్చిన మార్షల్ సాయానికి దారితీసిన డాలర్ల కొరతలో ఇదొక పెద్ద పద్దు. ఆ సరఫరాకు కూడా భరోసా లేదు. 1946 ఏప్రిల్ 1న జాన్ ఎల్. లూయిస్ నాయకత్వంలోని గని కార్మికుల సంఘం సమ్మెకు దిగితే అమెరికా ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకుంది. నవంబరులో మళ్లీ సమ్మె. పెన్సిల్వేనియాలో గని ఆగితే నెల తిరక్కుండానే ఆ దెబ్బ కోపెన్‌హాగన్‌ గ్యాస్ కంపెనీకి తగిలేది.

1947 ఫిబ్రవరిలో బ్రిటన్‌కే ఇంధన సంక్షోభం వచ్చింది. మంచు కురిసి రైళ్లు ఆగాయి, ఫ్యాక్టరీలకు కరెంటు కోసేశారు. అంతకు నెల ముందే జాతీయం చేసిన గనులకు అధ్యక్షుడు ఎవరంటే, 1945లో కరువు వస్తుందని నివేదిక ఇచ్చిన లార్డ్ హిండ్లీయే. ఆ ఏడాది బ్రిటన్ అమెరికా బొగ్గు దిగుమతి చేసుకుంది.

స్థిర లక్ష్యం నుంచి శాతానికి

1947 ఏప్రిల్‌లో మాస్కో విదేశాంగ మంత్రుల సమావేశం జర్మనీ విషయంలో తేలకుండానే ముగిసింది. కానీ అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ పక్కన కూర్చుని బొగ్గు మీద ఒక సూత్రానికి వచ్చాయి. పశ్చిమ జర్మనీ రోజు ఉత్పత్తి 2.8 లక్షల టన్నులు చేరితే నికర ఉత్పత్తిలో 21 శాతం ఎగుమతి. ఉత్పత్తి పెరిగేకొద్దీ వాటా పెరుగుతూ 3.7 లక్షల టన్నుల దగ్గర 25 శాతం అవుతుంది. నికర అన్న మాటను గమనించాలి, గని తనకు తాను తినేది ముందే తీసేశారు. ట్రూమన్ ఆదేశంలో ఇన్ని టన్నులని మొండిగా రాసి ఉంది. ఉత్పత్తి పడిపోతే ఆ భారమంతా జర్మన్ల మీదే పడేది, తిండి, వెచ్చదనం తగ్గి ఉత్పత్తి ఇంకా పడేది. కొత్త సూత్రంలో ఉత్పత్తి పెరిగితే ఇద్దరికీ లాభం. రెండేళ్ల ఆలస్యంగా వచ్చినా, ఈ మొత్తం వ్యవహారంలో బుర్రపెట్టి రాసిన కాగితం ఇదొక్కటే అనిపిస్తుంది.

1947 డిసెంబరు 31తో ఈసీఓ ముగిసి, దాని పని జెనీవాలోని ఐరాస యూరప్ ఆర్థిక సంఘం బొగ్గు కమిటీకి వెళ్లింది. రూర్ ఎగుమతుల వాటా నిర్ణయించే అధికారం మాత్రం 1949లో అంతర్జాతీయ రూర్ సంస్థకు ఇచ్చారు. అందులో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీలకు మూడేసి ఓట్లు, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్‌లకు ఒక్కొక్కటి. కొరియా యుద్ధంతో గిరాకీ ఎగబాకిన 1951లో పశ్చిమ జర్మనీ ఈ సంస్థ నిర్ణయించిన కోటా ప్రకారం రూర్ బొగ్గును పొరుగుదేశాలకు పంపుతూనే, తన కొలిముల కోసం అంతకంటే చాలా ఎక్కువ ధరకు అమెరికా బొగ్గు కొనుక్కుంది. అదే ఏడాది ఏప్రిల్ 18న పారిస్‌లో యూరప్ బొగ్గు-ఉక్కు సమాజం ఒప్పందం మీద సంతకాలు చేసేటప్పుడు, రూర్ సంస్థ రద్దు కావాలన్న పట్టుదల జర్మన్లకు అంత బలంగా ఉండటానికి ఈ బిల్లులు కూడా ఒక కారణం.